లేని ద్వారం దగ్గర దిగాం

ఎనభైల్లో మా ఓడ చైనా రేవులో ఆగినప్పుడు, తోటి నావికుడు అప్పలనాయుడూ నేనూ ఒక్క పూట బీజింగ్ చూడబోయాం. వెంట వచ్చిన ముసలి గైడు ఏదో కోట ద్వారం పేరు చెప్పి, అక్కడ బస్సు దిగాలన్నాడు. దిగితే వెడల్పాటి రోడ్డు, దాన్నిండా సైకిళ్లు.

“ఏటి బావా, గేటేదీ?” అన్నాడు నాయుడు నాతో.

గైడుని అడిగాను. ద్వారాన్నీ కోటగోడనీ ఎప్పుడో కూల్చేశారట. చిన్నప్పుడు ఆ గోడ మీదే గాలిపటాలు ఎగరేసేవాడట. అయినా జనం ఇప్పటికీ ద్వారం లోపల, ద్వారం బయట అనే ఇంటి గుర్తులు చెప్పుకుంటారట.

నాయుడు మొహం చిన్నబోయింది. “మా ఊరు స్టీల్ ప్లాంటులో కలిసిపోనాది కదా బావా. పేరైనా ఉంచీసుంటే బాగుణ్ణు.”

సెలవులకి విశాఖ వచ్చాక, ఆ ఊరున్న చోటు చూద్దామని ఇద్దరం బస్సెక్కాం. నాయుడు టిక్కెట్టుకి తన ఊరి పేరే చెప్పాడు.

“ఆ పేరుతో స్టాపు లేదు. ప్లాంటు రెండో గేటు కాడ దిగండి,” అన్నాడు కండక్టర్.

దిగాం. ఎదురుగా ఎత్తయిన ఇనుప గేటు, మూసి ఉంది.

“ఈపాలి గేటుంది బావా,” అన్నాడు నాయుడు.