తిన్నవా అని అడిగితే

సారలమ్మది జనగామ దగ్గరి పల్లె. పెళ్ళయిన కొత్తలో నాచారం వచ్చింది. భర్త కనకరాజు మల్లాపూర్‌లో ఇనుప తలుపులు చేసే షెడ్డులో వెల్డరు. ఆమె మందుల కంపెనీలో మాత్రల డబ్బాలకు చీటీలు అంటిస్తుంది. ఇద్దరూ కలిసి ముందు రెండు గదులు కట్టుకున్నారు. తరువాత పైన ఇంకో గది వేసి అద్దెకు ఇచ్చారు.

ఇంట్లో మూడో మనిషి కనకరాజు తల్లి కొమురవ్వ. ఆమెకు చూపు మందగించింది. పగలంతా గేటు పక్కన పీట మీద కూర్చుని అడుగుల చప్పుడు వింటుంది. పాలవాడు, పక్కింటి త్రివేణి, కరెంటు మీటరు చూసే మనిషి, ఎవరు వచ్చినా ఒకటే మాట.

“తిన్నవా బిడ్డా?”

“తిన్ననవ్వా.”

అంతే. వాళ్ళు ఆగరు. ఆమె మళ్ళీ అడగదు.

ఆ మాట సారలమ్మను ఏనాడూ అడగలేదు. వండే మనిషి తినకుండా ఉంటుందా అని కొమురవ్వ అనుకుని ఉంటుంది. సారలమ్మ కూడా అదే అనుకుంది, పైగదిలోకి ఆ పిల్ల వచ్చేదాకా.

పిల్ల పేరు అల్మాజ్. ఊరు ఇథియోపియాలో. ఉస్మానియాలో భూగర్భశాస్త్రం చదువుతుంది. బట్టబూట్లు వేసుకుని మెత్తగా నడుస్తుంది. హాస్టలులో ఉన్నప్పుడే కొంచెం తెలుగు పట్టుకుంది. దిగిన మొదటి సాయంత్రం గేటు తీయగానే కొమురవ్వ అడిగింది.

“తిన్నవా బిడ్డా?”

అల్మాజ్ ఆగింది. ఆలోచించి చెప్పింది.

“లేదు అవ్వా. తినలే.”

కొమురవ్వ గొంతు వచ్చిన వైపు తిరిగింది. ఈ ప్రశ్నకు ఆ జవాబు ఆమె ఎన్నడూ వినలేదు. తరువాత ఆమె మొహం విప్పారింది.

“ఓ సారలమ్మా! పిల్ల తినలేదట. అన్నం వెట్టు.”

సారలమ్మ పెట్టింది. ఆ రోజు నవ్వు కూడా వచ్చింది. రెండో రోజు కూడా పిల్ల అదే చెప్పింది. మూడో రోజుకు సారలమ్మకు నవ్వు రాలేదు.

అల్మాజ్ పీట పక్కన నేల మీదే కూర్చుని, ఇక్కడి సంగతులు ఒక్కొక్కటి అవ్వకు చెప్పేది. చెంబు పెదవికి తాకకుండా నీళ్ళు తాగబోతే మెడంతా తడిసిందట. కొత్తవాళ్ళు కూడా పెండ్లి అయిందా, జీతమెంత అని అడుగుతారట. ఒకసారి స్నేహితురాలు “వస్త” అని వెళ్ళిందట.

“వస్త అన్నది గద అని కాఫీ చేసిన. చీకటి పడ్డది. రాలే.”

కొమురవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. “పిచ్చిదానా! పోత అంటరా ఎవరన్న? అపశకునం గాదు?”

“మరి తిన్నవా అని ఎందుకు అడుగుతరు అవ్వా? మా దగ్గర పెట్టడానికే అడుగుతరు.”

“నేను గూడ గందుకే అడుగుత,” అంది కొమురవ్వ.

లోపల బియ్యం కడుగుతున్న సారలమ్మ చేయి ఆగింది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఆ ముసలామె ఇంతగా నవ్వడం ఆమె వినలేదు.

తరువాత ఒక సాయంత్రం కొమురవ్వ బియ్యం డ్రమ్ము వెనక నుంచి రొట్టెల పీట తీసింది. నాచారం వచ్చినప్పటి నుంచి మణికట్లు నొప్పులని పిండి ముట్టని మనిషి. ఇప్పుడు పొయ్యి ముందు కూర్చుని అల్మాజ్ కోసం జొన్న రొట్టె చరిచింది. ఆ చప్పుడు సారలమ్మకు వీపు మీద చరిచినట్టు వినిపించింది.

“చేతులు నొయ్యవా అత్తా?”

“నొస్తయి. ఏంజేస్త? పిల్ల ఆకలితోని ఉన్నది.”

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు. కాలేజీ లేదు. అల్మాజ్ జొన్నపిండి పులియబెట్టి, పెనం మీద పలచగా పోసి, తమ ఊరి రొట్టె చేసింది. పళ్ళెంలో పెట్టి కిందికి తెచ్చింది. అందరూ ఒకే పళ్ళెంలో తినాలంది. కనకరాజు ఇబ్బందిగా మీసం దువ్వుకున్నాడు. అల్మాజ్ రొట్టె తుంచి, కూరలో అద్ది, కొమురవ్వ నోటి ముందు పెట్టింది.

“మా దగ్గర ఇష్టమైనోళ్ళకు మొదటి బుక్క చేతితోని పెడతం, అవ్వా.”

సారలమ్మ చూస్తూ నిలబడింది. కాపురానికి వచ్చిన కొత్తలో, ఇంకా పల్లెలో ఉన్నప్పుడు, పప్పులో ఉప్పు చూడడానికి తను గరిటె నాలుకకు తాకించింది. ఎంగిలి చేశావని ఈ ముసలామె గిన్నెడు పప్పు దొడ్లో గేదె ముందు పారబోసింది. ఆ రోజు ఎవరూ పప్పు తినలేదు.

కొమురవ్వ నోరు తెరిచింది.

“పులిసిన అంబలి లెక్కనే ఉన్నది,” అంది నమలుతూ. “మస్తుగున్నది.”

“నీకు గూడ అక్కా,” అని అల్మాజ్ చేయి చాపింది.

“నాకు పంటి నొప్పి,” అంది సారలమ్మ.

మర్నాడు నల్లా దగ్గర ఇద్దరే ఉన్నారు. బిందె నిండుతోంది.

“ఒక మాట చెప్త. ఏమనుకోకు,” అంది సారలమ్మ. “మా దిక్కు తిన్నవా అంటే తిన్న అనాలె.”

“తినకపోతే?”

“తినకున్నా గట్లనే అనాలె. గది మర్యాద.”

“అందరు గట్లనే అంటరా?”

“అందరు.”

అందులో అబద్ధం లేదు. అందుకే చెప్పడం తేలికయింది. అల్మాజ్ మొహం చిన్నబోయింది.

“అయ్యో. ఇన్ని దినాలు... అవ్వ ఏమనుకున్నదో.”

“పెద్దమనిషి. పైకి అనది. లోపల అనుకుంటది.”

ఇది అబద్ధం. ఇది కూడా తేలికగానే వచ్చింది.

ఆ సాయంత్రం గేటు చప్పుడయింది.

“తిన్నవా బిడ్డా?”

“తిన్న అవ్వా.”

“గింత జల్ది ఏం తిన్నవ్?”

“మంచిగ తిన్న అవ్వా.”

బూట్ల చప్పుడు మెట్లెక్కి పోయింది. కొమురవ్వ మొహం మెట్ల వైపే తిరిగి ఉండిపోయింది. సారలమ్మకు జ్వరం దిగినట్టు అనిపించింది.

రోజూ అదే జవాబు. రొట్టెల పీట మళ్ళీ డ్రమ్ము వెనక్కి పోయింది.

“ఆ పిల్లకేమైందే?” అని అడిగింది కొమురవ్వ.

“ఏమైతది? మన పద్ధతి నేర్చుకున్నది.”

కొమురవ్వ పాలవాడిని అడగడం కూడా తగ్గించింది. పిల్ల దగ్గర ఆగిపోయిన ఆ ఆపేక్ష తన వైపు తిరుగుతుందని సారలమ్మ ఎదురుచూసింది. తిరగలేదు. సారలమ్మ రోజూ గేటు తీసుకుని వస్తూనే ఉంది. ముసలామె ఊరికే కూర్చుని ఉండేది.

సమ్మె అయిపోయాక కంపెనీలో పని మీద పడింది. ఒక రోజు టిఫిను డబ్బా విప్పే తీరిక దొరకలేదు. ఇంటికి బయలుదేరితే చెప్పు తెగింది. తెగిన చెప్పులు సంచిలో వేసి, పని దగ్గర తొడుక్కునే బట్టబూట్లతోనే నడిచి వచ్చింది. వీధిలో కరెంటు లేదు. మునిమాపు వేళ. గేటు తీసింది.

“తిన్నవా బిడ్డా?”

సారలమ్మ నిలబడిపోయింది. ఆ మాట తనది కాదని తెలుసు. అయినా జవాబు చెప్పింది.

“తినలే.”

కొమురవ్వ తల ఎత్తింది. గొంతు గుర్తుపట్టింది.

“నువ్వానే?”

“నేనే.”

“గా పిల్లనుకున్న.”

“ఎరుకే.”

సారలమ్మ గేటు వేసింది.

“డబ్బా తీస్కపోతివి గద?”

“తినలే అత్తా. పొద్దుగాలటి నుంచి తినలే.”

కొమురవ్వ గోడ పట్టుకుని లేచింది. లోపలికి నడిచింది. డ్రమ్ము వెనక చేయి పెట్టి పీట కోసం తడిమింది. సారలమ్మ కొవ్వొత్తి వెలిగించి, తన ఇంట్లో చుట్టం లాగా గోడకానుకుని కూర్చుంది. రొట్టె ఒక వైపు మందంగా వచ్చింది. అంచు మాడింది. కొమురవ్వ దాన్ని పళ్ళెంలో వేసి, పక్కన కారం పెట్టి ముందుకు జరిపింది.

సారలమ్మ వెంటనే చేయి పెట్టలేదు. క్షణం ఆగింది. ముసలామె చేయి పళ్ళెం వైపు రాలేదు. మళ్ళీ పిండిలోకే పోయింది. అప్పుడు సారలమ్మ తనే తుంచుకుని తింది.

పైన కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

కొమురవ్వ చరవడం ఆపింది. “పిండి ఇంకింత ఉన్నది. ఆ పిల్లను గూడ పిలువు.”

“ఆమె తిన్నదట,” అంది సారలమ్మ.

“నువ్వడిగినవా?”

“అడిగిన.”

కొమురవ్వ పిండి వైపు వంగింది. సారలమ్మ రెండో రొట్టె కోసం పళ్ళెం ముందుకు జరిపింది.