గట్టు మీది చిన్న కారు

కొల్లేరు చేపల చెరువుల ఇరుకు గట్ల మీద ఇన్నాళ్లూ తిరిగింది సూరిబాబు చిన్న కారు ఒక్కటే. పద్దెనిమిదేళ్ల బండి. వెనక తలుపు లోపలినుంచి తెరుచుకోదు. అతనే దిగివెళ్లి వినయంగా తెరుస్తాడు. వాన పడితే చెప్పులు విడిచి, మడమతో మట్టి నొక్కి చూశాకే గట్టెక్కిస్తాడు. ఏలూరునుంచి వారానికి రెండుసార్లు వచ్చే చెరువుల ఆసామి అచ్యుతరావుదే అతనికి మిగిలిన ఆఖరి బాడుగ.

ఈ వేసవిలో ఆసామి గట్లు వెడల్పు చేయించాడు, ఎస్‌యూవీ కొన్నాడు. తొలివాన మర్నాడు దాన్ని గట్టు మొదట్లో ఆపి, సూరిబాబును పిలిపించాడు.

"నీ డబ్బాలో మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయోయ్. దీన్ని ఎక్కించమంటావా? వద్దంటే ఈ వానాకాలం నీ బండిలోనే వస్తాను."

సూరిబాబు మడమతో నొక్కాడు. మట్టి రాయిలా ఉంది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా అంతే. వద్దందామనుకుంటూనే చెప్పులు తొడుక్కున్నాడు.

"దిగబడదండీ. నిక్షేపంగా వెళ్లండి."

పెద్దబండి కుదుపైనా లేకుండా చెరువుల మధ్యకు సాగిపోయింది. ఇంతలో, దారిలో ఆపిన అతని చిన్న కారు వెనక హారన్ మోగింది. మరో ఆసామి ఎస్‌యూవీ.

"ఏవండీ, ఆ కారు కాస్త పక్కకి తీస్తారా?"

సూరిబాబు తీశాడు.