లిఫ్టమ్మ సంచి

ఏడంతస్తుల ఆ భవనానికి లిఫ్టు లేదు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఆరుగురి వీపుల మీద పైకి వెళతాయి. విడతకి మనిషికి ఒక్క క్యాను. అది వాళ్లకు వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు, ఎవరూ దాటరు.

ఆరుగురిలో ఆమె ఒక్కతే ఆడది. ఇళ్లవాళ్లు లిఫ్టమ్మ అని పిలుస్తారు. పదకొండేళ్లుగా క్యాను అంచు గుడ్డసంచిలోంచి ఆమె వెన్నులో దిగుతోంది. ఇంకో ఏడాది ఇలాగే మోస్తే మంచం దిగవని డాక్టరు చెప్పాడు. మోయకపోతే పొయ్యి వెలగదు. అందుకని విరిగిన మడతమంచం నుంచి రెండు అల్యూమినియం పట్టీలు ఊడదీసింది. మెట్ల కమ్మీకి ఆనించి తన వీపు వంపుకి వంచింది. పాత డ్రమ్ము పక్క కోసి పలక చేసి, పట్టీలు దానికి కట్టి, సంచి వీపులో దూర్చి కుట్టేసింది.

మర్నాడు బరువు నడుం మీదికి దిగింది. వెన్ను ఊరుకుంది. ఆ సంబరంలో, సంచి కుంగుతుందేమో చూద్దామని, రెండో క్యాను పైన కట్టించుకుని ఏడో అంతస్తుకి ఎక్కింది. నీళ్ల వ్యాపారం ఓనరు చూశాడు.

"రేపట్నుంచి అందరూ రెండేసి. ముగ్గురు చాలు" అన్నాడు.

మధ్యాహ్నం ఖాళీ సంచితో దిగుతుంటే, ఆరో అంతస్తు మలుపులో మరిది ఖాళీ వీపుతో ఎదురొచ్చాడు. ఆరుగురిలో వాడూ ఒకడు. ఆమె కాపురానికి వచ్చేసరికి వాడికి ఆరేళ్లు. తల దువ్వి బడికి పంపింది ఆమే.

"వదినా, ఆ సంచి ఇటివ్వు."

"ఇస్తా. నీ వెన్ను నాకిస్తావా?"

"ముగ్గురి నోట్లో మట్టి కొట్టావు."

"ఒక్కటే మోస్తానని ఓనరుతో చెబుతాలే. సంచి మాత్రం ఇవ్వను."

పక్కనుంచి దాటబోతుంటే వీపు మీద తన్నాడు. పలక ఆపింది. వాడి బొటనవేలి గోరు లేచిపోయింది. ఆ మంటకి ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. సంచి గుంజుకుని, కుట్లు తెంపి, ఒక పట్టీ పెరికాడు. దానితోనే కొట్టాడు. మోచేతి మీద, దవడ మీద. పన్ను ఒకటి మెట్లు దిగి దొర్లింది.

"ఇస్తావా?"

నెత్తురు ఉమ్మి, సంచిలోంచి రెండో పట్టీ ఆమె లాగింది. వాడి మోకాలి మీద బలంకొద్దీ ఒక్కటి వేసింది. వాడు వెనక్కి తూలి అయిదు మెట్లు దొర్లాడు. కాలు పక్కకి తిరిగిపోయింది. ఆమె దిగి వెళ్లి పట్టీ మళ్లీ ఎత్తింది.

వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. "వదినా" అన్నాడు, ఆరేళ్లప్పటి గొంతుతో.

ఆమె చెయ్యి దించింది. వంకరపోయిన పట్టీలు రెండూ సంచిలో దూర్చింది. సంచి తగిలించుకుని వాడి ముందు కూర్చుంది.

"ఎక్కు."

"నాలుగు క్యాన్ల బరువుంటాను."

"తిండి పెట్టింది నేనేగా. ఎక్కు."

ఆరంతస్తులు దిగింది. వంకర పట్టీ అడుగడుగునా వెన్నులో గుచ్చింది. గేటు దగ్గర ఓనరు నిలబడి ఉన్నాడు. మిగతా నలుగురూ లేచారు.

"విడతకి ఒక్కటే" అంది, ఓనరుతో.

వీపు మీదినుంచి వాడూ అదే అన్నాడు.