తువ్వాళ్ళ జక్కయ్యగారి దివిసీమ యాత్ర

విజయవాడ బస్టాండులో బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు లోపల పడిందంటే, వేసినవారు జక్కయ్యగారేనని విచారణ లేకుండా నిర్ధారించవచ్చు. తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం మన ప్రాంతంలో అందరూ చేసే పనే. అయితే మనిషికొక తువ్వాలు చాలునని లోకం అభిప్రాయం. జక్కయ్యగారి అభిప్రాయం వేరు. ఎక్కడికి బయలుదేరినా ఆయన సంచిలో అరడజను తువ్వాళ్ళూ, ఒక జత బట్టలూ ఉండేవి.

ఆయన రైల్వేలో బుకింగు క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. పాసు ఉంది, రైలెక్కరు. కారణం అడిగిన వారికి ఒకే సమాధానం.

"రైలు కిటికీకి ఊచలుంటాయండీ. తువ్వాలు పోతుంది గాని తలకాయ పోదు. తలకాయ బయట పెట్టని ప్రయాణం కూడా ఒక ప్రయాణమేనా?"

ఆయన చెల్లెలు సువార్తమ్మగారు వితంతువు. అరవైకి దగ్గరపడిన మనిషి. ఆదివారపు బడిలో పిల్లలకు గలిలయ సముద్రం గురించీ, ఎర్ర సముద్రం గురించీ కళ్ళకు కట్టినట్లు చెప్పేవారు. తన కళ్ళతో చూసిన జలరాశి మాత్రం బ్యారేజీ దగ్గరి కృష్ణ ఒక్కటే. పంతొమ్మిది వందల డెబ్బయి నాలుగో సంవత్సరం శీతాకాలంలో ఆవిడ మోకాళ్ళు మొండికేయడం మొదలుపెట్టాయి. ఈ ఏడాది చూడకపోతే సముద్రాన్ని ఇక పరలోకం వెళ్ళే దారిలోనే చూడాలని ఆవిడకు అర్థమైంది.

"సముద్రమేగా, నాకొదిలెయ్యి. నెలకోసారి పోయొస్తున్నాను" అన్నారు జక్కయ్యగారు. "ముందు ఆకాశం కిందికి దిగుతుందే. దిగి, కదలడం మొదలుపెడుతుంది. ఆ కదిలేదే సముద్రం."

ఆ మాట విని సువార్తమ్మగారు అప్పుడే సంచీ సర్దుకున్నారు. మరునాడు తెల్లవారగానే అన్నాచెల్లెళ్ళు బయలుదేరారు.

అవనిగడ్డ బస్సు వచ్చింది. వీరు ఎక్కకుండానే వెళ్ళిపోయింది.

"అన్నయ్యా, బస్సు!"

"పోనియ్యవే. అందులో మనకు దొరికింది కాలవ లేని వైపు. కాలవ లేని వైపు కూర్చుని దివిసీమకు పోయేవాళ్ళు కోర్టు పనిమీద పోయేవాళ్ళు."

ఎండ ముదిరాక వచ్చిన తరువాతి బస్సులో కాలవ ఉన్న వైపు రెండు తువ్వాళ్ళు, లేని వైపు రెండు తువ్వాళ్ళు పడ్డాయి. ఉయ్యూరు వెళ్ళవలసిన పుల్లయ్య అనే బెల్లం వ్యాపారి అది చూసి నడుముమీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమండీ పెద్దాయనా, మనుషులిద్దరు, తువ్వాళ్ళు నాలుగా?"

"మావాళ్ళు వస్తున్నారండీ."

"ఎక్కడ?"

"పామర్రులో."

"తువ్వాలు బెజవాడలోనూ, మనిషి పామర్రులోనూనా! బస్సు మీ మావగారు పెట్టించారేంటండీ?"

సువార్తమ్మగారు సిగ్గుతో కొంగు తల మీదికి లాక్కున్నారు. జక్కయ్యగారు మాత్రం వానలో గేదెలా నిశ్చలంగా కూర్చున్నారు.

ఊరు దాటగానే ఆయన అసలు పని మొదలైంది. "చూడవే! ఆ కొంగలు చూడు, మడిలో ఎవరో మల్లెపూలు జల్లినట్టు లేదూ? ఇటు చూడు, చెరుకు బళ్ళు, ఎన్ని బళ్ళో!" అంటూ ఆయన ఆ చివరి నుంచి ఈ చివరికి గంతులు వేస్తుంటే, బస్సులోని తలలన్నీ ఆయన వేలు చూపిన వైపు తిరిగేవి. రోజూ అదే దారిన తిరిగేవారు కూడా ఆ కొంగలను అంతకుముందు చూడనట్లు నోళ్ళు తెరిచారు. బెల్లం పుల్లయ్య ఉయ్యూరులో దిగడం మరిచి, కండక్టరు కేకలు వేస్తే దిగాడు.

పామర్రులో చంటిపిల్లతో ఒక ఆడమనిషి ఎక్కింది. జక్కయ్యగారు అవతలి తువ్వాళ్ళలో ఒకటి తీసేశారు. "ఇటు చూడాల్సింది అయిపోయింది. కూర్చోమ్మా" అన్నారు. మావాళ్ళన్న మనిషి ఈవిడేనా అని సువార్తమ్మగారు పరకాయించి చూశారు. బంధువుల్లో అటువంటి ముఖం లేదు.

పులిగడ్డ దగ్గర డ్రైవరు తనంతట తానే బండి నెమ్మది చేశాడు. జక్కయ్యగారు ఎక్కిన బస్సుకు అది ఆచారమట.

"లేచి చూడవే సువార్తా! కింద కృష్ణ పోతోందా? దాని నెత్తిన కాలవ పోతోంది చూడు!"

సువార్తమ్మగారు లేచి నిలబడ్డారు. మోకాళ్ళ సంగతి గుర్తు రాలేదు. కింద నది తన దారిన తాను సముద్రానికి పోతూ ఉంది. దాని మీదుగా, స్తంభాల భుజాలెక్కి, కాలవ నీరు దివిసీమ పొలాలకు పోతూ ఉంది. ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు.

"నీళ్ళమీద నీళ్ళు నడవడమేంటి అన్నయ్యా!"

"ఎవరో ఇంజనీరుగారి చలవ. దండం పెట్టుకో."

ఆవిడ నిజంగానే పెట్టుకున్నారు. ముందు సీటు ముసలాయన కూడా పెట్టాడు.

అక్కడి నుంచి చుట్టూ నీళ్ళున్న నేల. అవనిగడ్డలో బస్సు మారాలి. సముద్రం వైపు వెళ్ళే బస్సు ఖాళీగా వచ్చింది. కిటికీలన్నీ రండి రండి అంటున్నాయి. జక్కయ్యగారు దాన్ని కూడా వదిలేశారు!

ఈసారి సువార్తమ్మగారికి కోపం ఆగలేదు.

"పొద్దు వాలుతోంది అన్నయ్యా! ఇంకా ఎటువైపు కావాలి నీకు? నాకు కిటికీ వద్దు, సముద్రం కావాలి. నన్ను ఇంతదూరం తీసుకొచ్చి బస్టాండు చూపిస్తావా?"

"ఇంకోటొస్తుందే" అన్నారు ఆయన, బజారు వైపు చూస్తూ.

ఆ ఇంకొకటి వచ్చేసరికి ఎండ మెత్తబడింది. ఈసారి ఆరు తువ్వాళ్ళూ పడ్డాయి. సరిగ్గా అప్పుడే బజారు వైపు నుంచి, పొద్దుటి చేపలు అమ్ముకుని ఖాళీ గంపలతో నలుగురు బెస్త స్త్రీలు పరుగున వచ్చి ఎక్కారు. లోపలి జనం ముక్కులు మూసుకున్నారు.

"గంపలు వెనక్కి! నిలబడండి, మీద పడకండి!"

జక్కయ్యగారు లేచి నాలుగు సీట్ల దుమ్ము దులిపారు. "ఇటువైపు చూడ్డం అయిపోయిందమ్మా. కూర్చోండి."

"బస్సింకా కదలందే ఏం చూశావు అన్నయ్యా?" అన్నారు సువార్తమ్మగారు.

"పోయిన నెల చూశాగా!"

వారిలో పెద్దదైన పోలేరమ్మ సీటులో చతికిలబడి నవ్వింది. "మీ అన్నగారాండీ? తువ్వాళ్ళ తాతంటామండీ మేం. ఈయన రాని రోజు ఇంటిదాకా నిలువుకాళ్ళ మీదే. చీకటితో గంప నెత్తికెత్తుతామా, మళ్ళీ కూర్చునేది ఈ తువ్వాలు మీదేనండి. ఇందాకటి బస్సు కూడా మాకోసమే వదిలేసుంటారు."

"అబద్ధం. అది వైపు బాగోలేక" అన్నారు జక్కయ్యగారు, కిటికీలోంచి తల బయటపెట్టి.

రోడ్డు ఒక ఇసుకదిబ్బ దగ్గర ఆగిపోయింది. కండక్టరు గంగరాజు అరిచాడు. "బండి తిప్పుకునేదాకానే టైము! ఇదే ఆఖరి బండి!" దిబ్బ అవతల ఏదో పెద్ద ప్రాణి ఊపిరి తీస్తున్నట్లు చప్పుడు వినిపిస్తూ ఉంది.

"పద అన్నయ్యా!"

"నువ్వెళ్ళిరా. నేను దిగితే సీట్లుంటాయా? పడవల దగ్గర్నుంచి సాయంత్రం గంపలొస్తాయి. పైగా ఆ మోకాళ్ళతో నిలబడి పోతావా నువ్వు?"

పోలేరమ్మ ఒక రెక్క, కొండలమ్మ అనే ఆవిడ ఇంకో రెక్క పట్టుకుని సువార్తమ్మగారిని దిబ్బ ఎక్కించారు.

ఆవిడ ఇన్నేళ్ళు పిల్లలకు చెప్పిన సముద్రాలన్నీ చిన్నవైపోయాయి. ఎక్కడ మొదలవుతుందో తెలియని నీరు వచ్చి, ఆవిడ పాదాల దగ్గర తలవంచి, వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ఆవిడ ప్రార్థన చేయబోయారు గాని ఒక్క మాట కూడా గుర్తుకు రాలేదు. "అబ్బో" అన్నారు, చంటిపిల్లలాగా.

"మా అన్నయ్య చెప్పినట్టే ఉంది" అన్నారు చివరికి.

"ఆయనకు చెప్పింది మేమేనండి" అంది పోలేరమ్మ. "ఇన్నిసార్లొచ్చారా, ఒక్కసారీ ఈ దిబ్బ దాటలేదు. సీట్లు కాసుకుంటా కూర్చుంటారు. ఇయ్యాళ సముద్రం ఎట్టుందే అని మమ్మల్నే అడుగుతారు."

సువార్తమ్మగారు వెనుదిరిగిన వేగానికి రెక్కలు పట్టుకున్న ఇద్దరూ వెనకబడ్డారు. ఆవిడ బస్సెక్కి, తువ్వాళ్ళ మధ్య తన సంచీ, చెప్పులూ, గొడుగూ పరిచి నడుమ కూర్చున్నారు.

"దిగు."

"నీకు చేతకాదే, దౌర్జన్యంగా కూర్చుంటారు జనం..."

"ఎవరు కూర్చుంటారో నేనూ చూస్తాను. దిగు! గంగరాజుగారూ, మా అన్నయ్య రాకుండా ఈల వేశారంటే ఊరుకోను."

గంగరాజు ఈల జేబులో వేసుకున్నాడు. "పోయి రండి తాతగారూ. ఇంజనుకు నీళ్ళు పోసుకోవాలి మేం" అన్నాడు. జక్కయ్యగారు ఒకసారి బస్సు వైపు, ఒకసారి దిబ్బ వైపు చూసి, పంచె ఎగగట్టి పరుగెత్తారు.

ఆయన తిరిగి వచ్చేసరికి మోకాళ్ళ దాకా తడిసి ఉన్నారు. కాళ్ళు తుడుచుకుందామంటే ఒక్క తువ్వాలు ఖాళీ లేదు. పడవల దగ్గర్నుంచి వచ్చిన గంపల తల్లులు అన్నిటి మీదా హాయిగా కూర్చుని ఉన్నారు. దారిపొడుగునా గొంతు చించుకున్న మనిషి ఈసారి కిటికీ వైపు కూడా చూడకుండా చెల్లెలి పక్కన కూర్చున్నారు.

బస్సు కదిలి చాలా దూరం వచ్చాక సువార్తమ్మగారే అడిగారు.

"ఎలా ఉంది అన్నయ్యా?"

ఆయన తడి పంచె పిండుకుంటూ, ఎవరికీ వినబడకుండా గొంతు తగ్గించారు.

"దానికి మంచివైపు, చెడ్డవైపు లేవే. ఎక్కడ నిలబడ్డా కిటికీయే."