మీసం ఊడిన కెప్టెన్

ఇంగ్లీషు మాస్టారికి పాఠం చెప్పడం రాదు, తీయడమే వచ్చు. పద్యమైనా కథైనా సరే, ముందు రెండు నిమిషాల వీడియోగా తీసి పిల్లలకు చూపించాలి, ఆ తర్వాతే పుస్తకం తెరిపించాలి. అందులో ప్రధాన పాత్ర ఆయనదే. ఆ రెండు నిమిషాలు తీయడానికి రెండు వారాలు పట్టేదీ ఆయన వల్లే.

అంతటి ఘోరమైన నటుడు ఆ బడి గడప తొక్కలేదు. సరిగ్గా సన్నివేశం రక్తి కట్టే వేళకు తుమ్ముతారు, లేదంటే బకెట్లో కాలు పెడతారు. "ఆపండాపండి! తప్పు నాదే. మళ్లీ!" అని ఆయనే అరుస్తారు. తరగతి తరగతంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది. పక్క గదిలో లెక్కల మాస్టారు కోపంతో సుద్దముక్క విరగ్గొడతారు.

అలాంటి లెక్కల మాస్టారి దగ్గరికి ఒకనాడు ఈయన నీలం దుప్పటి పట్టుకుని వచ్చారు.

"మాస్టారూ, మీరు సముద్రం."

"నేనేంటీ?"

"తుపానులో ఓడ పాఠమండీ. నేను కెప్టెన్ని. మీరు దుప్పటి కింద దూరి లేస్తూ పడుతూ ఉండాలి, అంతే. మాటల్లేవు. రెండే నిమిషాలు."

"ఇరవై ఏళ్లుగా నా మొహం చూసి పిల్లలు వణుకుతున్నారండీ!"

"మొహం కనపడదుగా!"

కాదనలేక ఆయన సముద్రమయ్యారు.

లైట్‌హౌస్ కాపలాదారు కూతురి వేషం వెనక బెంచీ అమ్మాయిది. ఆ పిల్లకి నత్తి. హాజరు పిలిచినా పలకదు, చెయ్యెత్తి ఊరుకుంటుంది. అలాంటి పిల్ల "దీపం ఆరలేదు, ఇటు రండి" అని ఇంగ్లీషులో కేకేయాలి. అది విని కెప్టెన్ ఓడ తిప్పాలి. కానీ ఊలుతో చేసిన ఆ కెప్టెన్ మీసం నిలిస్తేగా!

నాలుగు రోజులైనా ఓడ ఒడ్డు చేరలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చి ఇంగ్లీషు మాస్టారికి తేల్చి చెప్పారు. "రేపు నేనే వచ్చి కూర్చుంటాను. మీ వల్ల ఒక్కసారి ఆగినా ఈ వీడియోలకి స్వస్తి. ఫోను నా బీరువాలోకి వెళ్తుంది."

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో, పనికొచ్చే ముక్కలేవో చూసిపెట్టమని ఇంగ్లీషు మాస్టారు తన ఫోను లెక్కల మాస్టారికిచ్చారు. ఆయన ఒక్కో ముక్కా చూస్తూ పోయారు. పదకొండుసార్లు మీసం ఊడింది. పదకొండుసార్లూ అంతకు క్షణం ముందు ఆ పిల్ల ఏదో ఒక అక్షరం దగ్గర ఆగిపోయి ఉంది.

"ఇది దానంతటది ఊడలేదు మాస్టారూ. మీరే లాగారు!"

"మెల్లగా అనండి! ఆ పిల్ల చెవిన పడితే నా కొంప మునుగుతుంది. అందరూ నన్ను చూసి నవ్వుతుంటే తన వంక ఎవరు చూస్తారండీ? తనకి ఇంకోసారి అనే వీలు దొరుకుతుంది. క్లాసులో నోరే విప్పదు. ఇక్కడ మొన్నటికంటే నిన్న ఒక మాట ఎక్కువ అంది."

లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నాళ్లూ ఈ మనిషిని పిచ్చిమాలోకం అనుకున్నందుకు ఆయనకు సిగ్గేసింది.

మర్నాడు ప్రిన్సిపాల్ మేడమ్ ముందు వరసలో కుర్చీ వేయించుకున్నారు. సముద్రం లేచింది, ఓడ ఊగింది. అమ్మాయి నోరు తెరిచింది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఇంగ్లీషు మాస్టారి చెయ్యి మీసం దాకా వెళ్లి ఆగిపోయింది. లాగితే వీడియోలు పోతాయి, లాగకపోతే పిల్ల పరువు పోతుంది. ఎవరో అప్పుడే కిసుక్కుమనబోయారు.

అంతలో సముద్రం బోర్లా పడింది. దుప్పటితో సహా దొర్లుకుంటూ వెళ్లి మేడమ్ కాళ్ల దగ్గర ఆగింది.

"సారీ మేడమ్! తప్పు నాదే. మళ్లీ!" అంది దుప్పటి.

గదంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా ఆ పిల్లే నవ్వింది. ఆ ఊపులోనే మళ్లీ మొదలుపెట్టారు. ఈసారీ మొదటి అక్షరం మొరాయించింది. కానీ ఆ పిల్ల దాన్ని వదల్లేదు. రెండుసార్లు తడబడి, మూడోసారి వాక్యం మొత్తం బయటికి లాగి కేకేసింది. కెప్టెన్ పరమానందంగా ఓడ తిప్పారు. మీసం చెక్కుచెదరలేదు.

ప్రిన్సిపాల్ మేడమ్ లేచి లెక్కల మాస్టారిని ఎగాదిగా చూశారు. తర్వాత ఆ అమ్మాయిని చూశారు. ఆపైన ఇంగ్లీషు మాస్టారి వైపు తిరిగారు.

"వచ్చే పాఠంలో రాణి వేషం ఏమైనా ఉందా?"

"ఉందండీ."

"అది నాకివ్వండి" అన్నారావిడ. పదేళ్ల కిందటి సెలవు చీటీలను సైతం తేదీలతో అప్పజెప్పగల ఆ మనిషి గొంతు తగ్గించి, "కాకపోతే మధ్యమధ్యలో డైలాగు మర్చిపోతుంటాను. మీరేమీ అనుకోకూడదు మరి" అన్నారు.