తియ్యటి దుమ్ము

మా తమ్ముడు గంగాధర్ కూతురు స్వప్న నిన్న సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి బల్ల మీద చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు పరిచింది. అన్నింట్లో నిజామాబాద్ రోడ్ల దుమ్మే, పరీక్ష చేయాలట. ఒకటి విప్పి వాసన చూశాను, కాలిన టైరూ ఇనుమూ కలిసిన వాసన. కవరు మీద ‘బోధన్ రోడ్డు మలుపు’ అని రాసుంది. అది మా మలుపే!

నా చిన్నప్పుడు, చలి వెనక్కి తగ్గి ఎండ ముదిరే శివరాత్రి ముందు రోజుల్లో, ఇంట్లో కందగడ్డలు ఉడికే తియ్యటి ఆవిరి నిండివుండగా, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ ఇత్తడి బిందెలూ చెంబులూ గంగాళమూ వాకిట్లో కుప్పపోసి, నా చేతికి చాట ఇచ్చేది.

“గా బ్యాటరీల షెడ్డుకాడ మన్ను పిండి లెక్క ఉంటది, గదే తేపో బిడ్డ.”

ఆ షెడ్డులో పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించి, మిగిలిన పొడిని రోడ్డు పక్కకు ఊడ్చేవాళ్లు. చింతపండుతో కలిపి తోమితే ఇత్తడి తళతళలాడేది. షెడ్డు యజమాని తన పిల్లలను మాత్రం అటువైపు రానిచ్చేవాడు కాదు. డబ్బున్నోళ్ల పొగరనుకున్నాం.

ఆ దారినే బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు లారీలు మూలుగుతూ పోయేవి. వెంటపడి గడలు గుంజి, మూతులు కోసుకుపోయేలా నమిలి, పిప్పి రోడ్డంతా ఉమ్మేవాళ్లం. నేను దుమ్ము ఎత్తుతుంటే, నా చంకలోంచి దిగిన మూడేళ్ల గంగాధర్ పిడికిళ్లతో మన్ను బుక్కేవాడు. ఒకరోజు వాడి నోట్లోంచి మన్ను తీసి, నేనూ వేలు నాకి చూశాను. తియ్యగా ఉంది! పరుగున వెళ్లి చెప్తే అవ్వ నవ్వింది.

“చెరుకు బండ్లు పొయ్యే తొవ్వ గద, రసం కారి మన్ను గుడ తియ్యగైంది. తిననీ, ఏంగాదు.”

ఇంకేం, వాడు ఏడ్చినప్పుడల్లా చిటికెడు దుమ్ము నాలుక మీద వేసేదాన్ని. చక్కెరమన్ను అని పేరు కూడా పెట్టాను. వేరే ఊరి చుట్టాలొస్తే, మా రోడ్డు కూడా తియ్యగుంటదని గొప్పలు పోయేదాన్ని.

బడికి పోయాక గంగాధర్‌కు ఎక్కాలు రాలేదు. పొద్దున నేర్చింది మధ్యాహ్నానికి మరిచేవాడు, కడుపునొప్పంటూ మెలికలు తిరిగేవాడు. దొంగవేషాలని బాపు చెరుకుగడతో బాదేవాడు.

“అక్కకున్న తెలివిల సగం గుడ లేదేందిరా నీకు, మొద్దు ఎద్దా!”

నేను పక్కనే కూర్చుని ఎక్కాలు గడగడా ఒప్పజెప్పి మెప్పు కొట్టేసేదాన్ని. ఐదో తరగతితో వాడి చదువు ఆగిపోయింది. ఇప్పటికీ గంజ్‌లో పసుపు బస్తాలు మోస్తున్నాడు.

నిన్న ఈ చక్కెరమన్ను ముచ్చట నవ్వుతూ చెప్పాను. స్వప్న నవ్వలేదు.

“చెరుకు రసం కాదు అత్తమ్మా, ఆ సీసమే తియ్యగుంటది. చిన్నపిల్లలు తింటే బుద్ధి ఎదగదు, కడుపునొప్పి కూడా వస్తది.”

నాకు ఒళ్లు మండిపోయింది. తన పిల్లలను దాచుకున్న ఆ షెడ్డు యజమానికి తెలుసన్నమాట! రోజూ చాట పట్టుకుని ఎదుట నిలబడ్డ పిల్లలకు ఒక్కమాట చెప్పడానికి వాడికి నోరెందుకు రాలేదు? ఎంత దగా!

గంగాధర్ గడప దగ్గర చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

“అయితే అక్కా, నేను మొద్దును గాదన్నట్టేనా?”

“ఇన్నేండ్లకు పక్కాగా చెప్పలేం డాడీ,” అంది స్వప్న.

వాడు వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. “బాపుకు చెప్పేదుండె,” అన్నాడు.

బాపు పోయాడు, అవ్వ పోయింది. షెడ్డు పోయి అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది, చెరుకు లారీలూ రావడం లేదు. చిటికెడు చిటికెడు వాడి నాలుక మీద వేసిన నేను మాత్రం వాడి ఎదుట కూర్చునే ఉన్నాను.