పెద్దనాయన కుర్చీ వెనక లైకెన్

ఆ రోజుల్లో ఓపిక నాకు సబ్జెక్టుగా వచ్చింది. అందులోనే తప్పబోయాను. పుదుచ్చేరిలో బోటనీ డిగ్రీ చివరి ఏడు. ప్రాజెక్టుకు తోటివాళ్లు మందారాలూ గులాబీలూ ఎంచుకుంటే, నాకూ నా జతగాడికీ (మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడేసుకునేవాడు, అందుకని లెన్సు అనేవాళ్లం) లైకెన్ తగిలింది. మురుంగపాక్కంలో మా పెద్దమ్మ వాళ్ల పెరట్లో మామిడి మాను మీద ఐదు బూడిదరంగు లైకెన్ మచ్చలుండేవి. వాటికి సుద్దముక్కతో నంబర్లు వేసి, నెలనెలా పల్చటి కాగితం ఆనించి అంచులు గీసుకోవడం మా పని. ఐదోది పెద్దనాయన పడక్కుర్చీ వెనక ఉంది. దానికోసం నెలకోసారి ఆయన్ని లేపడమే ప్రాజెక్టులో కష్టమైన భాగం. ఏడు నెలలు గీశాం. ఏడు నెలల కాగితాలూ ఒక్కలాగే ఉన్నాయి. (లైకెన్ అంత నిదానమని ముందే చెప్పి ఉంటే నేనూ గులాబీయే తీసుకునేవాణ్ణి.) ఆయుధపూజ సెలవులు కాగానే మా ప్రాజెక్టు సారు స్వయంగా వచ్చి చెట్టు చూస్తానన్నారు. మచ్చలు లేకపోతే, ఒకే బొమ్మను ఇంట్లో కూర్చుని ఏడుసార్లు దింపామనుకుంటారు. ఏడాది గోవిందా.

పూజకు ముందురోజు వెళ్లేసరికి మాను తళతళలాడుతోంది. పెద్దమ్మ చేతిలో కొబ్బరిపీచు, పక్కన పసుపూ వేపాకూ నూరిన గిన్నె. ఆ పండక్కి అందరూ కత్తిపీటా సైకిలూ కిటికీ ఊచలూ తోముతారు. ఈవిడ చెట్టుదాకా వెళ్లింది.

“చెట్టుకు తేమల్ పట్టిండాది గదరా! చూస్తా ఊరికే ఉండేదా?” అంది. (ఒంటిమీద లేచే తెల్లమచ్చల్ని అక్కడ అలాగే అంటారు.)

లెన్సు అక్కడే కూలబడి ఏడుపందుకున్నాడు. భూతద్దం తీసి ఏడవమన్నాను, కన్నీళ్లు మరీ పెద్దవిగా కనబడుతున్నాయని.

“అది రోగం కాదు పెద్దమ్మా, కాపురం!” అన్నాను పళ్లు నూరుతూ. “బూజొకటి, పాచొకటి. బూజు ఇల్లు కట్టి నీళ్లు పట్టి ఉంచుతుంది. దానికి వంట రాదు. లోపలున్న పాచి ఎండతో వండి ఇద్దరికీ పెడుతుంది. చెట్టును తినవు, ఊరికే ఆనుకుంటాయి.”

పెద్దమ్మ పీచు ఆపి ఆలోచించింది.

“అంటే నేను పాచి, మీ పెద్దనాయన బూజు. ఇది తెలుసుకునేదానికి కాలేజీ ఏందిరా? నన్నడిగుంటే చెప్పుండనా?”

మాను అవతలి నుంచి పెద్దనాయన గొంతు: “కాపీ యాడ?”

“చూసినావా? తెల్లార్నించీ లెయ్యమంటా ఉండా. లేచినాడా? ఆ పక్క తోమనే లేదు!”

లెన్సు ఏడుపు ఆపాడు. ఇద్దరం పరుగెత్తి, పెద్దనాయన్ని కుర్చీతో సహా జరిపాం. ఐదో నంబరు మచ్చ చెక్కుచెదరకుండా ఉంది. వెంటనే ఆయన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టి, సారు వచ్చేదాకా లేవొద్దని కాళ్లు పట్టుకున్నాం. జీవితంలో మొదటిసారి ఎవరో తన మనసెరిగి మాట్లాడినట్టు చూశాడు.

సారు కాగితం మచ్చకు ఆనించి, రేఖకు రేఖ సరిపోవడం చూసి, “గుడ్, పెరగలేదు” అన్నారు. పాసయ్యాం.

ఇప్పుడు ఆయుధపూజ వచ్చిందంటే మా ఆవిడ బకెట్టుతో ఇల్లంతా తిరుగుతుంది. నేను కుర్చీలోంచి లేవను. నా వెనక ఏదో బతుకుతోందేమో, ఎందుకు కదిలించడం అంటాను. పాపం, ప్రతి ఏడూ ఒకసారి తొంగి చూస్తుంది. గోడే ఉంటుంది.